వేసవి తాపం – గొర్రెల మస్తిష్కమేరు ద్రవంలో రసాయనిక మార్పులు: నెల్లూరు తీర మందలకు వర్తించే అంశాలు

నెల్లూరు తీరంలో వేసవి ఆలస్యంగా ముగుస్తుంది. జూన్ నెలలో నైరుతి ఋతుపవనాలు ఉత్తర కోస్తాను చల్లబరచినప్పటికీ, పెన్నా డెల్టాకు ప్రధాన వర్షాధారం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలే. అందువల్ల రోహిణి కార్తెతో తగ్గవలసిన తాపం మృగశిర, ఆరుద్ర కార్తెలలోనూ కొనసాగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో వరి మాసూళ్లు పూర్తయిన కయ్యలలోకి గొర్రెల మందలు దిగుతాయి. పగలు కొయ్యకాళ్లు మేసి, రాత్రి అదే పొలంలో మందగా పడుకొని రైతుకు ఎరువునిచ్చే ఈ జీవాలు ఎండకాలాన్ని చాలావరకు నీడ లేని చోటనే గడుపుతాయి. సోమశిల జలాశయం నుంచి రెండో పైరుకు నీరు విడుదలైన సంవత్సరం వాటికి కాలువ నీరు అందుతుంది. విడుదల కాని సంవత్సరం గుంటలు, బోర్లు, తీరానికి చేరువలో ఉప్పుటేరులే మిగులుతాయి.

అటువంటి రోజులలో మందలో ఒకటి రెండు జీవాలు మేత మాని, తల వేలాడదీసి, చూపు తప్పి, చుట్టూ తిరుగుతూ పడిపోవడం కాపరులకు తెలిసిన విషయమే. దానిని వడదెబ్బ అనో, చిటుకు రోగం అనో అనుకొని సరిపెట్టుకోవడం కూడా పరిపాటి. ఈ మరణాలలో కొన్నింటికి మూలం ఎండ వేడిమి ఒక్కటే కాదు. మెదడును చుట్టి ఉండే ద్రవంలో ఉప్పు, నీరు, కార్బన్ డయాక్సైడ్ తమ నిష్పత్తి తప్పడం. ఈ తేడా తెలియకపోతే చేసే చికిత్సే ప్రాణం తీసే సందర్భాలు ఉన్నాయి. కనుక ఆ ద్రవం ఎలా పనిచేస్తుందో పశుపోషకులు, క్షేత్ర సిబ్బంది తెలుసుకోవడం అవసరం.

మస్తిష్కమేరు ద్రవ స్వభావం

మెదడు లోపలి బోలు గదులను కోష్ఠకాలు అంటారు. వాటి గోడలలోని కోరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల కుచ్చు మస్తిష్కమేరు ద్రవాన్ని నిరంతరం స్రవిస్తుంది. చూపునకు నీటివలె తేటగా ఉండే ఈ ద్రవం రక్తాన్ని వడగట్టగా మిగిలిన నీరు కాదు, ఎంపిక చేసి తయారుచేసిన ద్రవం. ఇందులో సోడియం రక్తరసంతో దాదాపు సమానంగా, క్లోరైడు, మెగ్నీషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. పొటాషియం లీటరుకు 3 మిల్లీమోళ్ల దగ్గర స్థిరంగా ఉంటుంది; రక్తంలో అది 4 నుంచి 5 వరకు మారుతూ ఉన్నా ఇక్కడ అంతగా కదలదు. మాంసకృత్తులు రక్తరసంలో ఉన్న దానిలో నూరవ వంతుకన్నా తక్కువ. నాడీకణాల విద్యుత్ స్థితి పొటాషియం, సోడియంల మీద ఆధారపడి ఉన్నందున ఈ కట్టుబాటు తప్పనిసరి.

రక్తానికి, మెదడుకు నడుమ ఉన్న అవరోధం అన్నింటినీ ఒకే విధంగా అడ్డుకోదు. నీరు, కార్బన్ డయాక్సైడ్ క్షణాలలో దాటుతాయి. సోడియం, బైకార్బొనేటు నెమ్మదిగా దాటుతాయి. మాంసకృత్తులు దాదాపు దాటవు. ఎండదెబ్బకు గురైన జీవిలో జరిగే రసాయనిక మార్పులలో అధిక భాగం ఈ వేగాల తేడా నుంచి పుట్టినవే. రక్తం త్వరగా మారుతుంది; మెదడు ద్రవంలో కొన్ని అంశాలు వెంటనే, కొన్ని గంటలు గడిచాక దానిని అనుసరిస్తాయి. ఈ మధ్య కాలంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది.

మెదడు అడుగున ఉన్న ధమనీ జాలకం

గొర్రె, మేక, ఆవు, గేదె, జింక వంటి రెండు గిట్టల జంతువులకు ప్రకృతి ఒక ప్రత్యేక ఏర్పాటు చేసింది. మెదడుకు వెళ్లే ధమని నేరుగా వెళ్లక, మెదడు అడుగున సన్నని నాళాల జాలకంగా చీలి, తిరిగి ఏకమవుతుంది. ఈ జాలకం సిరారక్తంతో నిండిన ఒక కుహరంలో మునిగి ఉంటుంది. ముక్కు లోపలి తడి పొరల మీద గాలి ఆడి, ఆవిరి వల్ల చల్లబడిన రక్తం ఆ కుహరానికి చేరుతుంది. వేడి ధమనీరక్తం చల్లని సిరారక్తానికి తన వేడిని అప్పగించి మెదడులో ప్రవేశిస్తుంది. ముక్కు పొరల చల్లదనానికి, ఈ జాలకానికి, హైపోథాలమస్ ఉష్ణోగ్రతకు గల సంబంధాన్ని బేకర్, హేవార్డ్ 1968లో గొర్రెలలో ప్రయోగపూర్వకంగా చూపారు. గుర్రానికి, గాడిదకు, మనిషికి ఈ జాలకం లేదు. ఒకే ఎండలో నిలిచిన గొర్రెకు ఉన్న రక్షణ దానిని కాచే కాపరికి లేదన్న మాట.

ఈ ఏర్పాటు మెదడును వేడి నుంచి కాపాడటానికేనని చాలాకాలం భావించారు. తరువాతి పరిశోధనలు దీని ప్రధాన ప్రయోజనం నీటి పొదుపు అని సూచించాయి. శరీర ఉష్ణాన్ని పసిగట్టే కేంద్రం హైపోథాలమస్‌లో ఉంది. మెదడు కొంచెం చల్లబడితే ఆ కేంద్రం శరీరం అంత వేడిగా లేదని గ్రహించి రొప్పును, చెమటను తగ్గిస్తుంది. దానితో నీరు మిగులుతుంది. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తొమ్మిది డార్పర్ జాతి గొర్రెలను 8 రోజులపాటు దినానికి 6 గంటల చొప్పున 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి, చివరి 5 రోజులు నీరు ఇవ్వలేదు. అవి శరీర బరువులో 16.7 శాతం కోల్పోయాయి. రక్తం చిక్కబడిన కొద్దీ మెదడును విడిగా చల్లబరచుకోవడం పెరిగింది. రోజులో సగం సేపు ఈ పద్ధతిని వాడుకున్న 50 కిలోల గొర్రె దినానికి 2.6 లీటర్ల నీటిని, అంటే తాగే నీటిలో సుమారు 60 శాతాన్ని, ఆదా చేసుకోగలదని తేలింది. అయితే అన్ని గొర్రెలూ దీనిని ఒకే స్థాయిలో వాడుకోలేదు. జీవికీ జీవికీ నడుమ వ్యత్యాసం గణనీయంగా కనిపించింది. మందలో ఎండకు ఓర్చే గొర్రెను, ఓర్వలేని గొర్రెను కాపరి గుర్తుపట్టి చెప్పే మాటలో అర్థం ఉంది.

బెదురు వల్ల ఈ ఏర్పాటు ఆగిపోతుందన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం. దక్షిణాఫ్రికాలోని నల్ల వైల్డెబీస్ట్ అనే అడవి జంతువులపై 1994లో ప్రచురితమైన పరిశీలనలో, తరుముతున్నప్పుడు మెదడుకు దక్కే ఈ ప్రత్యేక చల్లదనం లోపించింది. భయం వల్ల నాడీ వ్యవస్థ ముఖంలోని సిరల దారిని మార్చి, చల్లని రక్తాన్ని జాలకానికి చేరనివ్వదు. మిట్టమధ్యాహ్నం మందను తరిమి తోలడం, లారీలలో కుక్కడం, టీకాలకో నట్టల మందుకో పట్టి లాగడం – వీటి హాని పరుగు వల్ల పుట్టే వేడితో ఆగదు. మెదడు రక్షణ అవసరమైన క్షణంలోనే అది తొలగిపోతుంది.

తీరపు గాలి, లోతట్టు గాలి

ముక్కు పొరల మీద నీరు ఎంత త్వరగా ఆవిరవుతుందన్నది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. ఉదాహరణకు, 41 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న లోతట్టు గాలిలో బాష్ప పీడనం సుమారు 1.95 కిలోపాస్కల్స్. 36 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న తీరపు గాలిలో అది సుమారు 3.86. ముక్కు పొర 38 డిగ్రీల వద్ద తడిగా ఉందనుకుంటే దాని బాష్ప పీడనం 6.63. ఆవిరిని లాగే శక్తి ఈ రెండింటి తేడా, లోతట్టున 4.68, తీరాన 2.77. అంటే ఒక్కొక్క శ్వాసకు తీరాన దొరికే చల్లదనం లోతట్టున దొరికేదానిలో సుమారు 60 శాతమే. ఉష్ణమాపకంలో 5 డిగ్రీలు తక్కువ కనబడినంత మాత్రాన మైపాడులోని గొర్రె ఉదయగిరి గొర్రెకన్నా సుఖంగా ఉందని చెప్పలేము. అంతే చల్లదనం కోసం అది మరింత రొప్పవలసి వస్తుంది.

ఇక్కడ ఉష్ణ–ఆర్ద్రతా సూచిక గురించి ఒక మాట. గొర్రెలకు వాడే ఒక ప్రసిద్ధ సూచిక ప్రకారం 25.6 దాటితే అత్యంత తీవ్రమైన ఒత్తిడి. ఆ లెక్కన జనవరి మధ్యాహ్నం 29 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్నప్పుడు కూడా విలువ 27 దాటుతుంది. సంక్రాంతి నాటి గొర్రెలు ఎవరి దృష్టిలోనూ ప్రాణాపాయంలో లేవు. చలి దేశాల ఉన్ని గొర్రెలకు కుదిరిన హద్దులను ఉన్ని దాదాపు లేని, పొడవాటి కాళ్లున్న నెల్లూరు పల్ల, జోడిపి, డోర రకాలకు యథాతథంగా అన్వయించడం నిష్ప్రయోజనం. ఈ సూచిక గాలి స్థితిని మాత్రమే చెబుతుంది. జీవి స్థితిని చెప్పేది నిమిషానికి దాని శ్వాసల సంఖ్య, నోరు తెరిచిందా లేదా అన్నది, ఆ రోజు అది తాగిన నీరు.

రొప్పు వల్ల మెదడు ద్రవంలో క్షారత

రొప్పులో రెండు దశలున్నాయి. మొదటి దశలో గొర్రె నోరు మూసి, పైపైన, వేగంగా గాలి పీల్చుతుంది. ఆ గాలి ముక్కు, శ్వాసనాళం వరకే ఆడుతుంది కనుక ఊపిరితిత్తుల లోతులలో వాయు మార్పిడి పెద్దగా మారదు. వేడి ఇంకా పెరిగితే రెండవ దశ మొదలవుతుంది. నోరు తెరుచుకుంటుంది, నాలుక బయటకు వస్తుంది, శ్వాస వేగం తగ్గి లోతు పెరుగుతుంది. అప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటకు పోతుంది. రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది.

కార్బన్ డయాక్సైడ్ అవరోధాన్ని వెంటనే దాటుతుంది. బైకార్బొనేటు దాటదు. కనుక మస్తిష్కమేరు ద్రవంలో వాయువు తగ్గి, బైకార్బొనేటు అలాగే ఉండి, ఆ ద్రవం కూడా వెనువెంటనే క్షారయుతమవుతుంది. మెదడు రక్తనాళాలు సంకోచిస్తాయి, రక్తప్రవాహం తగ్గుతుంది. ఆ తరువాత గంటల వ్యవధిలో ద్రవంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి, బైకార్బొనేటు తగ్గి క్షారత కొంత సర్దుకుంటుంది. ఈ లోపు మెదడు కాండంలోని శ్వాస కేంద్రానికి రెండు పరస్పర విరుద్ధమైన సూచనలు అందుతాయి. ద్రవంలో వాయువు తగ్గింది కనుక శ్వాస తగ్గించమని ఒకటి. ఒళ్లు కాలుతోంది కనుక పెంచమని మరొకటి. వేడి సూచనే గెలుస్తుంది. నోరు తెరిచి రొప్పే గొర్రె ఆ గెలుపునకు మెదడు రక్తప్రవాహంతో మూల్యం చెల్లిస్తున్నదని గ్రహించాలి.

మెదడు ద్రవంలోని సందేశక పదార్థాలు కూడా ఈ వ్యవహారంలో పాలుపంచుకుంటాయి. ఫెల్డ్‌బర్గ్, మైయర్స్ అనే శాస్త్రవేత్తలు 1963–64 ప్రాంతంలో లండన్‌లోని మిల్ హిల్‌లో పిల్లుల మెదడు కోష్ఠకాలలోకి సెరటోనిన్‌ను ఎక్కించినప్పుడు శరీర ఉష్ణోగ్రత పెరిగింది. నార్‌అడ్రినలిన్ ఎక్కించినప్పుడు తగ్గింది. ఇంగ్లండులోని బాబ్రహాం సంస్థలో జాన్ బ్లై 1966లో గొర్రెలపై చేసిన ప్రయోగం ఇందుకు భిన్నమైన ఫలితమిచ్చింది. గొర్రెలో సెరటోనిన్ రొప్పును రేకెత్తించి వేడిని తగ్గించింది. ఒక జంతువులో నిగ్గు తేలిన సత్యం మరొక జంతువుకు చెల్లకపోవచ్చునని చూపిన ప్రయోగమిది. పిల్లి, ఎలుక, కుందేలు ఫలితాలను పశుపోషణ సలహాలుగా మార్చేటప్పుడు దీనిని మరువరాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1980లలో శర్మ, డే చేసిన పని కూడా చెప్పుకోదగినది. లేత వయసు ఎలుకలను 38 డిగ్రీల వేడిలో 4 గంటలు ఉంచగా, రక్త–మెదడు అవరోధం సడలి, రక్తంలో కలిపిన రంగు మెదడులోకి ఊరింది. ఎలుకకు ధమనీ జాలకం లేదు కనుక ఆ గంటల లెక్క గొర్రెకు వర్తించదు. అవరోధం వేడికి సడలుతుందన్న సూత్రం మాత్రం వర్తిస్తుంది.

చిక్కబడిన ద్రవం, దాహం, రొప్పు

స్వీడన్‌లో బెంట్ ఆండర్సన్ 1950ల ఆరంభంలో మేకల హైపోథాలమస్‌లోకి అతి కొద్ది పరిమాణంలో చిక్కని ఉప్పునీటిని ఎక్కించగా, కడుపు నిండా నీరున్న మేకలు కూడా ఆబగా నీళ్లు తాగాయి. ఆయనే మరొక ప్రయోగంలో హైపోథాలమస్ ముందు భాగాన్ని మాత్రమే వెచ్చబరచినప్పుడు మేకలు రొప్పాయి, మేత మానాయి. దాహం, రొప్పు, ఆకలి ఒకే ఇరుగుపొరుగులో నిర్ణయమవుతాయని ఈ ప్రయోగాలు చాటాయి. ఎండలో నిలిచిన గొర్రె మేత ముట్టకపోవడం మొండితనం కాదు. మేత జీర్ణకోశంలో పులిసేటప్పుడు పుట్టే వేడిని తప్పించుకునేందుకు మెదడు తీసుకున్న నిర్ణయమది. మంద కట్టించుకున్న రైతు కూడా దీనివల్ల నష్టపోతాడు. మేయని మంద పొలంలో వేసే పెంట, మూత్రం తక్కువ.

నీరందక ద్రవం చిక్కబడినప్పుడు మెదడు రెండు ఆపదల నడుమ ఎంపిక చేసుకోవలసి వస్తుంది. రొప్పితే నీరు పోతుంది. రొప్పకపోతే వేడి పెరుగుతుంది. దప్పికతో ఉన్న గొర్రె ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద, ఆలస్యంగా రొప్పు మొదలుపెడుతుంది. అందుచేత మధ్యాహ్నం రెండు గంటలకు ప్రశాంతంగా నిలిచి, రొప్పని గొర్రెను చూసి ఎండకు తట్టుకుంటున్నదని తలచడం పొరపాటు కావచ్చు. ఉదయం నీళ్లు తాగిన గొర్రె రొప్పకపోతే అది సుఖం. తాగని గొర్రె రొప్పకపోతే అది హెచ్చరిక.

ఉప్పునీటి సమస్య

1990లలో రొయ్యల సాగు విస్తరించిన తరువాత తీర మండలాలలో మందల దారులు మారాయి. పూర్వం పోరంబోకు మేతభూములు ఉన్న చోట్ల గుంటలు, వాటి మురుగు కాలువలు వచ్చాయి. గొర్రెలు పొడి మేతతో ఉన్నప్పుడు లీటరుకు 5,000 మిల్లీగ్రాముల వరకు లవణాలున్న నీటిని హాని లేకుండా తాగగలవు. 10,000 దాటితే బరువు తగ్గుతాయి. 13,000 దాటిన నీరు వాటికి తగదు. సముద్రపు నీటిలో ఇది సుమారు 35,000. ఉప్పునీటి రొయ్యల గుంటలలో 10,000 దాటడం సాధారణం. పైగా ఈ హద్దులు మామూలు వాతావరణానికి ఉద్దేశించినవి. ఎండలో గొర్రె తాగే నీరు పెరిగితే లోపలికి చేరే ఉప్పు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. సాగునీటిని పరీక్షించే విద్యుత్ వాహకత మీటరుతోనే ఈ పరీక్ష చేయవచ్చు. మీటరుకు 8 డెసీసీమెన్స్ అంటే సుమారు 5,000 మిల్లీగ్రాములు. వరికి పనికిరాని బోరు నీరు గొర్రెకు పనికిరావచ్చు. రొయ్యకు పనికివచ్చే నీరు మాత్రం గొర్రెకు చాలా సందర్భాలలో పనికిరాదు.

ఉప్పు ఎక్కువైనా, నీరు తక్కువైనా ఫలితం ఒకటే: రక్తంలో, ఆ పైన మస్తిష్కమేరు ద్రవంలో సోడియం పెరుగుతుంది. మెదడులోకి సోడియం తనంతట తానే ప్రవేశిస్తుంది, బయటకు పంపడానికి మాత్రం శక్తి ఖర్చు కావాలి. పెరిగిన సోడియం ఆ శక్తిని ఉత్పత్తి చేసే గ్లూకోజు విచ్ఛిత్తినే అణచివేస్తుంది. కనుక ప్రవేశించిన సోడియం అక్కడే చిక్కుకుంటుంది. ఈ స్థితిలో దప్పికగొన్న మందను మంచినీటి తొట్టి వద్దకు ఒక్కసారిగా వదిలితే రక్తం నిమిషాలలో పలచబడుతుంది, మెదడు పలచబడదు. నీరు చిక్కదనం ఉన్న వైపు పరుగెడుతుంది. మెదడు ఉబ్బి, కపాలంలో చోటు చాలక, గొర్రె గుడ్డిదై, మూర్ఛలతో పడిపోతుంది. నీళ్లు దొరకక కాదు, దొరికిన తరువాత చనిపోయే ఈ గొర్రెలను చూసి కాపరి నీటిలో విషం కలిసిందని అనుమానించడంలో వింత లేదు.

అటువంటి మందకు నీటిని కొలిచి ఇవ్వాలి. శరీర బరువులో 0.5 శాతం చొప్పున గంటకొకసారి, దాహం తీరేవరకు ఇవ్వడం అంగీకృత పద్ధతి. 30 కిలోల గొర్రెకు గంటకు 150 మిల్లీలీటర్లు. నూరు గొర్రెల మందకు 15 లీటర్లు. బలమైన పొట్టేళ్లు ముందు చొరబడి అందరి వాటా తాగకుండా మందను చిన్న గుంపులుగా విడదీసి, పొడవాటి తొట్లలో పోయడం అవసరం. మూర్ఛలు వచ్చిన జీవికి ఏ ద్రవం, ఏ వేగంతో ఎక్కించాలన్నది పశువైద్యుడు నిర్ణయించవలసిన విషయం. పలచని సెలైన్‌ను వేగంగా ఎక్కించడం తొట్టి వద్ద జరిగిన ప్రమాదాన్నే తిరిగి చేయడం.

వేసవిలో ఉప్పు కలిపిన తవుడు నీళ్లు ఇవ్వాలన్న సలహా పల్లెలలో విరివిగా వినిపిస్తుంది. ఇది మనుషుల చెమటను బట్టి పుట్టిన సలహా. మనిషి చెమటతో ఉప్పును కోల్పోతాడు. గొర్రె ప్రధానంగా రొప్పి నీటిని ఆవిరిగా కోల్పోతుంది. ఆవిరిలో ఉప్పు ఉండదు. మంచినీరు ఎప్పుడూ ఎదుట ఉన్న కొట్టంలో లవణ బిళ్ల వల్ల కీడు లేదు. పగలంతా నీరు దొరకని సంచార మందకు సాయంత్రం ఉప్పునీళ్లు పోయడం మాత్రం మానుకోవాలి.

యాజమాన్యంలో మార్చుకోవలసినవి ఎక్కువేమీ లేవు, కానీ వేళ ముఖ్యం. తొలి నీటి తావును ఉదయం 10 గంటలలోపు దాటించాలి. సముద్రపు గాలి తిరిగేవరకు మందను సరుగుడు తోటల నీడనో, సర్కారు తుమ్మ పొదల పక్కనో నిలపాలి. పడమటి పొడిగాలి బలంగా వీచే రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది కనుక ఆ రోజు మేపును సాయంత్రానికి, వెన్నెల రాత్రులలో రాత్రికి మార్చడం మేలు. టీకాలు, నట్టల మందు, సంతకు తరలింపు తెల్లవారుజామున పూర్తి కావాలి.

చనిపోయిన జీవి విషయంలో నిర్ధారణ మీద శ్రద్ధ అవసరం. చిటుకు రోగం, థయమిన్ లోపం, మెదడులో పెరిగే నీటితిత్తి పురుగు, సోడియం విషప్రభావం – ఇవన్నీ పైకి దాదాపు ఒకే విధంగా కనిపిస్తాయి. బతికి ఉన్న జీవి మస్తిష్కమేరు ద్రవంలో సోడియం లీటరుకు 160 మిల్లీమోళ్లు దాటి, అది రక్తంలో కంటే ఎక్కువగా ఉంటే సోడియం విషప్రభావాన్ని బలంగా అనుమానించవచ్చు. చనిపోయిన వెంటనే కంటిలోని నీటిని సిరంజితో తీసి పంపినా సోడియం పరీక్ష చేయవచ్చు. మెదడును నిలువుగా రెండు సగాలు చేసి, ఒక సగాన్ని మంచులోను, రెండవ సగాన్ని ఫార్మలిన్‌లోను పంపాలి. వాటితో పాటు మంద ఆ రోజు తాగిన ప్రతి తావు నుంచి ఒక్కొక్క సీసా నీరు, తావు పేరు, తాగిన వేళ రాసి పంపాలి.